కొలిమి ఎవరిది, తుపాకి ఎవరిది? - మార్టూరు నల్లరేగళ్ళ నుంచి ఆయుధ చట్టాల మీద ఒక చూపు

తుపాకి చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా యుద్ధాల దగ్గర మొదలుపెడతారు. ఏ రాజు దగ్గర ఎన్ని ఫిరంగులున్నాయి, ఏ కోట ఎప్పుడు పడింది అనే లెక్కల్లోనే ఆ చరిత్ర అయిపోతుంది. ఆ గొట్టాన్ని సాగగొట్టినవాడెవడు, మడమ చెక్కినవాడెవడు, మందు సంచి కుట్టినవాడెవడు, వేటలో దొర వెనకాల దాన్ని మోసినవాడెవడు అనే ప్రశ్నలు వాళ్ళకు రావు. ఎందుకు రావో మనకు తెలుసు.

ఈ వ్యాసంలో ఒక చిన్న సంగతిని పట్టుకుని పోదామనుకుంటున్నాను. ఇంటి వెనక ఒక పని షెడ్డు వేసుకుని, తుపాకిని విప్పి, దిద్ది, తన భుజానికీ కంటికీ సరిపడేటట్టు మార్చుకోవడం కొన్ని దేశాల్లో ఒక సరదా. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం ప్రకారం, అమ్ముకోవడానికి గాక సొంత వాడకానికి మామూలు తుపాకి చేసుకునే పౌరుడికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాలు తమ ఆంక్షలు తాము పెట్టుకున్నాయి, అది వేరే మాట. అక్కడ అదొక ఆదివారపు కాలక్షేపం. మన దగ్గర ఇదే పని ఒకడు చేస్తే కులవృత్తి, ఒకడు చేయిస్తే హోదా, ఇంకొకడు చేస్తే నేరం. పని ఒకటే, ఇనుము ఒకటే. మరి తేడా ఎక్కడ పుట్టింది?

మార్టూరును ఎంచుకోవడానికి కారణం ఉంది. మద్రాసు-కలకత్తా జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఇది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. చుట్టూ పత్తి, మిరప, పొగాకు, శనగ పండే నల్లరేగడి. ఈమధ్య దశాబ్దాల్లో గ్రానైటు కోసే మిల్లులు, వాటిని ఆనుకుని లేతు షాపులు, వెల్డింగు షాపులు వచ్చాయి. అంటే ఇనుముతో పని తెలిసిన చేతులకు ఈ ప్రాంతంలో ఎన్నడూ కరువు లేదు. ఒక పక్క కారంచేడు, ఇంకా కిందికి పోతే స్టూవర్టుపురం, అది దాటి పోతే చుండూరు. ఈ మూడు పేర్లు చెప్పాక ఆయుధాల చరిత్రకు ఈ నేల ఎందుకన్న ప్రశ్న ఎవరూ అడగరనుకుంటాను.

కొలిమిలో కులాలు

పాత ఊళ్ళో కొలిమి ఒక్క కమ్మరిదే అనుకుంటాం. నిజమే, సమ్మెట ఆయనదే. కానీ కొలిమికి గాలి కొట్టేది తోలు తిత్తి. ఆ తోలు ఊనినవాడు, కుట్టినవాడు మాదిగ. మాదిగ తోలు లేకపోతే ఊళ్ళో కర్రు కాలదు, కొడవలి సాగదు, బండి చక్రానికి పట్టా ఎక్కదు. వ్యవసాయ సాంకేతిక చరిత్ర రాసినవాళ్ళు నాగలిని వర్ణించారు, గొర్రును వర్ణించారు, తిత్తిని వదిలేశారు. తిత్తి దాకా వస్తే మాదిగపల్లె దాకా రావాలి గదా!

తుపాకి కూడా ఇదే కొలిమిలోంచి వచ్చింది. మందు కూరి గజంతో దట్టించి పేల్చే పాత నాటు తుపాకిని తీసుకోండి. గొట్టం, గుర్రం, మీట కమ్మరి పని. మడమ వడ్రంగి పని. మందు సంచి, భుజానికి వేసుకునే పట్టీ తోలు పని. మందులోకి కావలసిన పెట్లుప్పు చౌడు నేలల్లోంచి తీసింది ఉప్పర వంటి కులాలు. బొగ్గు కాల్చినవాళ్ళు వేరే. ఇంతమంది ఉత్పత్తి కులాల చేతులు పడితే తయారైన వస్తువు, చివరికి ఏ పనీ చేయని ఇంట్లో గోడకు వేలాడింది.

ఇది మన ప్రాంతానికి కొత్తగా వచ్చిన విద్య కాదు. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయింది. కత్తులకు పేరుపడ్డ ఉక్కు అది. బాపట్లకు దిగువన ఉన్న నిజాంపట్నంలో, అప్పటి తెల్లవాళ్ళ నోట పెతపూలి, 1606లో డచ్చివాళ్ళు కొట్టు పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు దిగారు. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు పోత పోసే కార్ఖానా పెట్టించాడు. ఆ పేట పేరు ఇప్పటికీ గన్‌ఫౌండ్రీయే. రేమండ్ సమాధికి ఏటా జనం పోతారు. పోత పోసినవాళ్ళ పేరు ఒక్కటైనా ఎవరికైనా తెలుసా?

నాటు తుపాకికి ఒక లక్షణం ఉంది. అది కొన్న వస్తువు కాదు, చేయించుకున్న వస్తువు. ఏ రెండూ ఒకటిగా ఉండవు. చేయించుకునేవాడి చేతి పొడవును బట్టి మడమ, వాడి అవసరాన్ని బట్టి గొట్టం. దెబ్బతింటే మళ్ళీ అదే కొలిమికి వచ్చేది. ఇవాళ పాశ్చాత్య దేశాల్లో సరదాగా చేసుకుంటున్న మార్పులూ చేర్పులూ అన్నీ మన కమ్మరి మేర గింజల కోసం చేసిన పనే. కళ్ళంలో కుప్ప నూర్చినప్పుడు కమ్మరికింత, వడ్రంగికింత, మాదిగకింత అని కొలిచేవాళ్ళు. ఆ కొలతలో కూడా ఎచ్చుతగ్గులున్నాయి. ఒకరు కల్లం గట్టు మీద నిలబడి తీసుకుంటే ఇంకొకరు దూరంగా నిలబడి తీసుకున్నారు. కాబట్టి ఉత్పత్తి కులాలన్నీ ఒకటే అని తేలిగ్గా అనేయడం కూడా సరికాదు.

తుపాకిని ఎవరి నుంచి తీసుకున్నారు

గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీకి మొదట కావలసింది శిస్తు. శిస్తు రావాలంటే పాలెగాళ్ళ, జమీందార్ల చేతిలో ఉన్న బంట్రోతుల బలం పోవాలి. 1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ దక్షిణాది పాలెగాళ్ళ ప్రాంతాల్లో జనమంతా ఆయుధాలు అప్పగించాలని ప్రకటన చేశాడు. 1857 తిరుగుబాటు తర్వాత నిరాయుధీకరణ దేశమంతటికీ పాకింది. చివరికి 1878లో, లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు, ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా అదే సంవత్సరం వచ్చింది.

జాతీయవాద చరిత్ర ఈ చట్టాన్ని తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య గొడవగా చూపిస్తుంది. గాంధీ కూడా 1918లో సైన్యంలో జనాన్ని చేర్పించే కరపత్రంలో ఈ చట్టాన్ని బ్రిటిషు పాలన చేసిన చెడ్డ పనుల్లో అతి చెడ్డదిగా తిట్టాడు. తిట్టడం న్యాయమే. యూరోపియన్లకు లైసెన్సు అక్కర్లేకపోవడం జాతి వివక్షే. కానీ మినహాయింపుల జాబితా చివరిదాకా చదవాలి. అందులో రాజులున్నారు, పెద్ద జమీందార్లున్నారు, సర్కారు బిరుదులు పొందినవాళ్ళున్నారు. అంటే చట్టం అందర్నీ ఒకేలా నిరాయుధుల్ని చేయలేదు. ఊరి పెద్దకు తుపాకి మిగిల్చింది. పల్లెకు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

కొడగు సంగతి ఇక్కడ చెప్పాలి. కొడవ జాతివాళ్ళకూ, జమ్మా భూములున్నవాళ్ళకూ బ్రిటిషువాడు ఆయుధాల చట్టం నుంచి మినహాయింపు ఇచ్చాడు. వాళ్ళు యోధులట, తుపాకిని పూజిస్తారట. స్వతంత్రం వచ్చాక కూడా ఆ మినహాయింపు పోలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో దాన్ని సమర్థించింది. కొడవలతో మనకు తగాదా లేదు. నా పాయింటు వేరే. పుట్టుకను బట్టి, భూమిని బట్టి ఒక సమూహానికి తుపాకి హక్కు ఇవ్వవచ్చునని భారత రాజ్యం ఒప్పుకున్నట్టే గదా. కులాన్ని బట్టి ఆయుధం అన్న మాట మనం తెచ్చింది కాదు, రాజ్యాంగం వచ్చాక కూడా చట్టంలో కూర్చున్న మాటే.

ఇంకో పక్క చూడండి. 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు సాల్వేషన్ ఆర్మీ చేతికింద మొదలైంది. ఎరుకలవాళ్ళను అక్కడ పెట్టి హాజరు తీసుకున్నారు. రాత్రి ఇంట్లో ఉన్నాడా లేడా అని చూసే రాజ్యం ఒకటి, ఎన్ని తుపాకులున్నాయో చూడనవసరం లేని బిరుదుదారు ఇల్లు ఒకటి. రెండూ ఒకే జిల్లాలో, ఒకే కాలంలో.

సైన్యం తలుపు కూడా ఇట్లాగే మూసుకుంది. కంపెనీ తొలి రోజుల్లో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. మద్రాసు శాపర్లలో పరయలు పెద్ద సంఖ్యలో పనిచేశారు. 1881-85 మధ్య మద్రాసులో సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ వంటివాళ్ళు దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని సిద్ధాంతం చేశారు. యోధ జాతులు వేరు, కానివి వేరు అన్నారు. బొంబాయి వైపు మహర్లను 1890ల మొదట్లో సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. మహూ దండు బజారులో 1891లో పుట్టిన అంబేడ్కర్‌కు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. వాళ్ళ నాన్న రాంజీ సైన్యంలో సుబేదారు. మనుధర్మం చెప్పిందే రాబర్ట్స్ శాస్త్రం పేరుతో మళ్ళీ చెప్పాడు.

అంబేడ్కర్ ఈ విషయాన్ని వదల్లేదు. 1936లో జాత్-పాత్-తోడక్ మండలి కోసం రాసి, చదవడానికి వీల్లేకపోయిన ఉపన్యాసంలో, ఇంత అణచివేత మీద కింది కులాలు ఎందుకు తిరగబడలేదనే ప్రశ్న వేసుకుంటాడు. చాతుర్వర్ణ్యం వాళ్ళకు ఆయుధం లేకుండా చేసింది, నాగలి కర్రును కత్తిగా సాగగొట్టుకునే వీలు లేకుండా చేసింది అన్నది ఆయన ఇచ్చిన జవాబు సారాంశం. కర్రు కత్తిగా మారాలంటే కొలిమి కావాలి. ఆ కొలిమి దగ్గరే మనవాడు తిత్తి కుట్టి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత రాజ్యాంగ సభలో ఇదే మనిషి ఇంకో వైపు నిలబడినట్టు కనిపిస్తాడు. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంటుందని రాసుకున్నారు. 1948 చివర్లో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుగా చేర్చమన్నాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. కొందరు మిత్రులు దీన్ని వైరుధ్యం అంటారు. నాకట్లా అనిపించదు. హక్కు కాగితం మీద అందరికీ ఇస్తే ఆ రోజుల్లో తుపాకి ఎవరి ఇంటికి చేరేది? కొనగలిగినవాడి ఇంటికి, కలెక్టరు పేరు పెట్టి పిలిచేవాడి ఇంటికి. ఊళ్ళో బలాబలాలు మారకుండా ఆయుధాన్ని వదిలేస్తే అది పల్లె మీదికే వస్తుందని ఊళ్ళ సంగతి తెలిసిన ఎవరైనా చెప్పగలరు.

పంట ఉన్నవాడికే పంట కాపలా

స్వతంత్రం తర్వాత వచ్చిన 1959 ఆయుధాల చట్టం పైకి అందరికీ సమానమే. అసలు 14వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదు. చదివితే సంతోషం వేస్తుంది. దానికి ముందున్న 13వ సెక్షన్ కూడా చదవండి. లైసెన్సు ఇచ్చి తీరాల్సిన సందర్భాలు అక్కడ ఉన్నాయి. రక్షణ కోసమో క్రీడ కోసమో అయితే ఇరవై అంగుళాలకు తక్కువ కాని గొట్టమున్న నున్నటి గొట్టం తుపాకి. నిజమైన పంట కాపలా కోసం అయితే మందు కూరే నాటు తుపాకి.

పంట కాపలా కావాలంటే పంట ఉండాలి. పంట ఉండాలంటే భూమి ఉండాలి. దరఖాస్తులో సాగు భూమి వివరాలు అడుగుతారు. చేనికి రాత్రంతా కాపలా ఉన్నదెవరు? పాలేరు. మంచె ఎక్కి వడిసెల తిప్పి జొన్న చేలో పిట్టల్ని తోలిందెవరు? మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు. వడిసెలకు లైసెన్సు అక్కర్లేదు గాబట్టి అది మనకు మిగిలింది. ఆసామి పేరు మీద తుపాకి, పాలేరు చేతిలో వడిసెల.

ఇంకో చోద్యం ఉంది. లైసెన్సు పుస్తకంలో రిటైనరు అని ఒక గడి ఉండేది. అంటే లైసెన్సుదారు తరఫున తుపాకి పట్టుకు తిరిగే జీతగాడు. భూమిలేని దళితుడు సొంతంగా తుపాకి పొందడం కష్టం గానీ, ఇంకొకడి జీతగాడిగా దాన్ని మోయడానికి చట్టంలో గడి గీసి ఉంచారు. జమీందారీ వేటల్లో డప్పు కొట్టి మృగాల్ని తోలినవాడు, దెబ్బతిన్న జంతువును మోసుకొచ్చినవాడు ఎవరో ఆ గడి గుర్తు చేస్తుంది. ఫోటోలో మాత్రం కాలు కింద పులి, చేతిలో తుపాకితో దొర ఒక్కడే ఉంటాడు.

ఇంతకూ పత్తికీ మిరపకూ తుపాకి కాపలా ఎంత అవసరం? జొన్నకు, వేరుశనగకు, మొక్కజొన్నకు పిట్టా పందీ వస్తాయి, నిజమే. పత్తికి వచ్చేది పురుగు. పురుగును తుపాకితో కాల్చలేరు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పురుగు దెబ్బకు అప్పుల పాలై అదే పురుగుమందు తాగి చనిపోయారు. లైసెన్సు అక్కర్లేని డబ్బా అది. ఈ మైదానంలో పంట కాపలా పేరుతో గోడకెక్కిన తుపాకి పంటకంటే పరువుకే ఎక్కువ కాపలా కాసిందని నా అభిప్రాయం. నాటు తుపాకి పోయి జోడు గొట్టాల తుపాకి, దాని మడమ మీద నగిషీ, తోలు పెట్టె - ఇవన్నీ వేటకంటే పెళ్ళి ఊరేగింపుల్లో, ఎన్నికల రోజుల్లో ఎక్కువ పనికొచ్చేవి.

సరదా అన్న మాటకు చట్టంలో చోటుంది. క్రీడ అని రాశారు. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకుల్ని మూడు నుంచి రెండుకు తగ్గించారు గానీ, అంతర్జాతీయ పతకాలు సాధించిన షూటర్లకు 2020లో పన్నెండు దాకా అనుమతించారు. బాగానే ఉంది. మరి బతుకు కోసం వేటాడేవాడు? నక్కలవాళ్ళను తీసుకోండి. పిట్టలోళ్ళని మన ఊళ్ళలో పిలిచే సంచార జాతి. పాత నాటు తుపాకితో పిట్టల్ని కొట్టి ఊళ్ళో అమ్ముకుని బతికారు. ఆ తుపాకిని బాగుచేసుకోవడం వాళ్ళకు సరదా కాదు, రేపటి కూడు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. పిట్టల్ని కాపాడొద్దని ఎవరంటారు? కాని ఆ జాతికి బదులు బతుకు చూపించకుండానే తుపాకి లాక్కున్నారు. వాళ్ళను మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చడానికి 2003 దాకా పట్టింది. క్రీడగా కాల్చేవాడికి సెక్షన్ ఉంది. ఆకలితో కాల్చేవాడికి పోలీసు స్టేషనుంది.

కొలిమి సంగతీ అంతే. చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి చేయడమే కాదు, బాగుచేయడం, ఒక రకం నుంచి ఇంకో రకానికి మార్చడం కూడా నేరం. 6వ సెక్షన్ గొట్టం కురచ చేయడాన్నీ, బొమ్మ తుపాకిని నిజం తుపాకిగా మార్చడాన్నీ విడిగా చెబుతుంది. 2019 సవరణతో ఈ నేరాలకు కనీస శిక్ష ఏడేళ్ళు అయింది, యావజ్జీవం దాకా పోవచ్చు. ఈ కఠినత్వం వద్దని నేననడం లేదు. దొంగచాటు తుపాకి ఎక్కడ పేలినా చివరికి పేదవాడి ఒంట్లోనే దిగుతుంది. కానీ ఇట్లాంటి కేసుల్లో ముందు దొరికేది ఎవరు? లేతు దగ్గర కూలికి పనిచేసేవాడు దొరుకుతాడు. చేయించినవాడి పేరు రావాలంటే మాత్రం సాక్ష్యం కావాలంటారు.

మన కళల్లో దీనికి ఎప్పుడో జవాబు వచ్చింది. పిట్టలదొర వేషం చూడండి. కొన్ని చోట్ల తుపాకి రాముడంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఊళ్ళోకి వచ్చి నా ఆస్తి ఇంత, నా దండు ఇంత అని కోతలు కోసి నవ్విస్తాడు. ఆ తుపాకి తనే చెక్కుకున్నది. దొరతనం అంటే ఖాకీ, టోపీ, భుజాన కట్టె ముక్క, నోటి నిండా అబద్ధం అని సంచార కళాకారుడు దొరల వాకిట్లోనే చూపించాడు. బొమ్మగా తప్ప పనికిరాని దాన్ని ఆయుధం కింద లెక్కపెట్టకూడదని చట్టం చెబుతుంది. పాపం, ఆ చట్టం రాసినవాళ్ళు పిట్టలదొర మాటలు విని ఉండరు.

తిరగబడ్డప్పుడు

తుపాకి లేనివాళ్ళు తిరగబడ్డ ప్రతిసారీ ముందు తుపాకి ఉన్న చోటికే పోయారు. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు తీసుకుంది. కొండవాళ్ళ దగ్గర విల్లంబులున్నాయి, నాటు తుపాకులున్నాయి. కానీ రాజ్యాన్ని ఎదిరించడానికి రాజ్యం తుపాకులే కావాల్సి వచ్చింది. తెలంగాణలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపిన తుపాకి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులది. ఆ తర్వాతే ఊళ్ళలో వడిసెలలు, కర్రలు, కారం పొడి పోయి, గడీల నుంచి గుంజుకున్న భర్మార్లు వచ్చాయి. 1951లో సాయుధ పోరాటం విరమించారు. ఆ పోరాటంలో దళితులు పెద్ద సంఖ్యలో నడిచారు. విరమణ తర్వాత వాళ్ళ ఊళ్ళకు మళ్ళీ ఎవరు దొరలుగా వచ్చారో మనకు తెలుసు.

కాని మన మైదానం అనుభవం ఇంకోటి చెబుతుంది. 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద కమ్మ భూస్వాముల మూక పడింది. ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు. ముందురోజు తాగే నీళ్ళ చెరువు దగ్గర గొడవ. మున్నంగి సువార్త అనే స్త్రీ తన మీదికి వచ్చినవాళ్ళకు ఎదురుగా నీళ్ళ బిందె ఎత్తింది. ఆ బిందె ఎత్తినందుకు ఇంత. మర్నాడు వచ్చినవాళ్ళ చేతిలో ఉన్నవి గొడ్డళ్ళు, బరిసెలు, కర్రలు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, కొందరి శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పారేసినప్పుడూ ఇవే తరహా ఆయుధాలు. గొడ్డలి, కర్ర లాంటి ఇంటి వాడకం, వ్యవసాయ వాడకం వస్తువులు ఆయుధాలు కావని 1959 చట్టం నిర్వచనంలోనే ఉంది. ఊరంతా ఒక్కటై వచ్చినప్పుడు తుపాకి లైసెన్సు ఎవరికి కావాలి? చుండూరులో తుపాకి పేలింది తర్వాత. 1991 సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో అనిల్‌కుమార్ అనే దళిత యువకుడు చనిపోయాడు.

కాబట్టి తుపాకి వస్తే విముక్తి వస్తుందనే మాట నేను చెప్పడం లేదు. 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళవెణ్మణిలో భూస్వామి మనుషులు తుపాకులతో వచ్చారు. 44 మంది దళితులు గుడిసెలో కాలి చచ్చిపోయారు. కారంచేడులో తుపాకుల్లేకుండా వచ్చారు. ఆయుధం మారింది, వచ్చినవాళ్ళ ధైర్యం మారలేదు. ఆ ధైర్యం ఎక్కడిదంటే కేసు నిలవదన్న నమ్మకంలోది.

అమెరికా నల్లవాళ్ళ చరిత్రను కూడా ఇక్కడ పక్కన పెట్టి చూడాలి. అంతర్యుద్ధం అయిపోయి బానిసత్వం రద్దయిన 1865లోనే మిసిసిపి రాష్ట్రం విడుదలైన నల్లవాళ్ళు లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకోకూడదని చట్టం చేసింది. నూరేళ్ళ తర్వాత బ్లాక్ పాంథర్లు చట్టబద్ధంగానే తుపాకులు పట్టుకుని తమ పేటల్లో పోలీసుల వెంట తిరిగితే, 1967లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ చట్టాన్నే మార్చేసింది. సంతకం పెట్టింది గవర్నరు రీగన్. ఇంటి షెడ్డులో తుపాకి దిద్దుకోవడం తెల్లవాడికి సరదాగా ఉన్న దేశంలోనే, నల్లవాడి చేతిలోకి రాగానే అది శాంతిభద్రతల సమస్య అయింది. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్లు ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు.

1995 నిబంధనలు

కారంచేడు పోరాటం దేశానికి ఇచ్చినవాటిలో ముఖ్యమైనది అత్యాచారాల నిరోధక చట్టం. 1989లో చేసిన ఆ చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని నిబంధనలు 1995 మార్చి 31న వచ్చాయి. కేసు ఎట్లా పెట్టాలి, పరిహారం ఎంత అనే భాగాలు మన కార్యకర్తలకు కంఠతా వచ్చు. మూడో నిబంధనను మాత్రం అంతగా చదవరు.

అత్యాచారాలు జరిగే, జరగవచ్చునని భయమున్న ప్రాంతాలను గుర్తించి ప్రభుత్వం ముందుగానే చేయాల్సిన పనులు అందులో ఉన్నాయి. అక్కడ దళితులు, ఆదివాసులు కానివాళ్ళ ఆయుధ లైసెన్సుల్ని రద్దు చేయాలి. వాళ్ళవే కాదు, వాళ్ళ దగ్గరి బంధువుల, నౌకర్ల, ఉద్యోగుల, కుటుంబ స్నేహితుల లైసెన్సుల్ని కూడా. ఆ ఆయుధాల్ని సర్కారు ఆయుధాగారంలో జమ చేయించాలి. దొంగచాటు తుపాకుల్ని పట్టుకోవాలి, వాటి తయారీని ఆపాలి. అవసరమనుకుంటే దళితులకు, ఆదివాసులకు వాళ్ళ ప్రాణాల, ఆస్తుల రక్షణ కోసం ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

నౌకర్లు అన్న మాట అక్కడ ఉందని గమనించాలి. రిటైనరు గడి సంగతి ఈ నిబంధన రాసినవాళ్ళకు తెలుసు. ఆసామి తుపాకి పాలేరు పేరు మీదికి మారిపోయే మార్గం ముందే మూశారు. 1878 నుంచి వచ్చిన ఆయుధాల శాసనాల్లో కులం పేరు ఎత్తకుండానే కులాన్ని కాపాడారు. ఈ ఒక్క చోట కులం పేరు పెట్టి, బలవంతుడి చేతిలోంచి తీయమన్నారు, బలహీనుడి చేతికి ఇవ్వవచ్చన్నారు. ఈ క్రమం కూడా ముఖ్యమే. ముందు తీయడం, తర్వాత ఇవ్వడం. మా సభల్లో కొందరు కుర్రాళ్ళు రెండోదాన్నే పట్టుకుని మాట్లాడతారు. నాకు మొదటిదే పెద్దది. మార్టూరు కుర్రాడి చేతికి తుపాకి రావడం కంటే పల్లె ఎదుటి మేడలో తుపాకి లేకపోవడం పల్లెకు ఎక్కువ నిద్ర పట్టిస్తుంది.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకుల్ని పోలీసు స్టేషన్లలో జమ చేయిస్తారు. అంటే ఏ ఇంట్లో ఏ తుపాకి ఉందో జాబితా సర్కారు దగ్గర సిద్ధంగానే ఉంది. ఓట్లకోసం తీయగలిగినవాళ్ళు ప్రాణాల కోసం తీయలేరా? నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్సు, మానిటరింగు కమిటీ కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకొకసారి కూర్చోవాలి. లైసెన్సులిచ్చేదీ ఆ కలెక్టరే. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు. కాలేజీ పిల్లలు కూడా రాయగలరు.

అడగాల్సినవి ఇవి. మార్టూరు, కారంచేడు, పర్చూరు, చుండూరు మండలాల్లో ఎన్ని ఆయుధ లైసెన్సులున్నాయి, అందులో పంట కాపలాకు ఎన్ని, క్రీడకు ఎన్ని, రక్షణకు ఎన్ని. 1995 నుంచి మూడో నిబంధన కింద రద్దు చేసినవెన్ని, దళితులకు ఇచ్చినవెన్ని. ఏయే ఊళ్ళను అత్యాచారాలు జరిగే ప్రాంతాలుగా ఎప్పుడు గుర్తించారు, కమిటీ ఏ సమావేశంలో ఆయుధాల మాట ఎత్తింది. పాత లైసెన్సు పుస్తకాల్లో రిటైనరు గడిలో ఎంతమంది పేర్లున్నాయి, వాళ్ళు ఏ పేటవాళ్ళు.